పాదం, మోకాలు ఒకేసారి మొరాయిస్తే: రన్నర్లకు సమగ్ర మార్గదర్శి

మోకాలి నొప్పి అని ఏ రన్నింగ్ గ్రూపులో అన్నా నిమిషాల్లో పది సలహాలు వచ్చి పడతాయి. మడమ నొప్పి అన్నా అంతే. రెండూ కలిసి వచ్చినప్పుడే అసలు చిక్కు. ఒకదానికి పనికొచ్చే సలహా రెండోదానికి చేటు చేస్తుంది. "మడమ ఆనించకు, ముందు పాదం మీద పరిగెత్తు, మోకాలు బాగుపడుతుంది" అంటాడు ఒకాయన. నిజమే, మోకాలు తేలికపడుతుంది. వారం తిరక్కుండానే పిక్క పట్టేసి, మడమ నొప్పి ముదురుతుంది.

ఇలా ఎందుకవుతుందో ముందు తెలుసుకుంటే తక్కిన పని సులువు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. దాన్ని పాదం, పిక్క, మోకాలు, తుంటి పంచుకుంటాయి. పెద్ద పెద్ద అంగలు వేస్తూ మడమ ముందు ఆనేలా పరిగెత్తితే మోకాలి చిప్ప మీద ఎక్కువ పడుతుంది. ముందు పాదం ఆనిస్తే ఆ భారం పిక్కకు, మడమ వెనక పిక్క కండరాన్ని ఎముకకు కట్టే తాడైన అకిలిస్ టెండన్‌కు, అరికాలికి మారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పిక్క, పాదం కష్టపడతాయి. దిగేటప్పుడు మోకాలు. మడమ దగ్గర ఎత్తు ఎక్కువున్న షూ వేస్తే పిక్కకు హాయి, మోకాలికి కాస్త శ్రమ. చదును షూ వేస్తే అటుది ఇటు. కావడిలో ఒక పక్క బరువు తీసి రెండో పక్క వేస్తే మోసేవాడి భుజానికి ఒరిగేదేమీ లేదు. రెండు చోట్లా నొప్పి ఉన్నవాళ్లు భారాన్ని అటూ ఇటూ మార్చకూడదు, మొత్తంగా తగ్గించాలి. ఆ తర్వాత రెండు చోట్లనూ బలపరచాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ వరసలోనే ఉంటాయి.

మొదటి మెట్టు: ఇది పరుగు వల్ల వచ్చిన నొప్పేనా?

పరిగెత్తేవాళ్లకు ఒక అలవాటుంది. నడుం కింద ఏ నొప్పి వచ్చినా షూ మీదకో, మొన్నటి లాంగ్ రన్ మీదకో తోసేస్తారు. ఒక్క చోట నొప్పి అయితే ఆ లెక్క చాలాసార్లు సరిపోతుంది. పాదం, మోకాలు రెండూ పట్టుకున్నప్పుడు మాత్రం మూలం వేరే చోట ఉండే అవకాశం పెరుగుతుంది. అందుకే వ్యాయామాల జోలికి వెళ్లేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఈ మధ్య జ్వరం వచ్చిందా? 2006లో తెలుగు జిల్లాలను కుదిపేసిన చికున్‌గున్యా ఇప్పటికీ వానాకాలంలో పలకరిస్తూనే ఉంది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా చీలమండలు, మోకాళ్లు, మణికట్ల నొప్పులు కొందరిలో నెలల తరబడి ఉంటాయి. "జ్వరం తగ్గింది కదా, మళ్లీ మొదలుపెడదాం" అని పరుగుకు వెళ్లి, ఆ నొప్పులను పరుగు నొప్పులనుకునేవాళ్లు చాలామంది.

పొద్దున లేచాక బిగుతు ఎంతసేపు ఉంటోంది? అరికాలి నొప్పి మామూలుగా కాసేపు నడిస్తే సడలుతుంది. అరగంట దాటినా కీళ్లు పట్టేసినట్టే ఉంటే, మోకాలు ఉబ్బితే, దానికి తోడు సోరియాసిస్ మచ్చలో, కన్ను ఎర్రబడటమో, తెల్లవారుజామున లేపే నడుం నొప్పో ఉంటే అది కీళ్లవాతం కోవలోది కావచ్చు. చూపించాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతం చూసే డాక్టర్‌కు.

బొటనవేలి మొదలు ఎర్రగా కమిలి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి ఉందా? గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల వాపు) కావచ్చు. అది మోకాలినీ పట్టుకుంటుంది.

నొప్పి రెండూ ఒకే కాలిలో ఉండి, మధ్యలో తిమ్మిరి, మొద్దుబారడం, కరెంటు షాక్‌లా జివ్వుమనడం ఉన్నాయా? అయితే నడుం దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూడాలి. మోకాలి మీదుగా కాలి లోపలి వైపు దిగే నొప్పి నాలుగో నడుం నరానిది కావచ్చు. పిక్క బయటి నుంచి పాదం పైకి, బొటనవేలి వరకు పాకేది ఐదో నరానిది కావచ్చు. ఇలాంటప్పుడు మోకాలికి పట్టీ వేసినా, పాదానికి సోల్ మార్చినా లాభం లేదు.

ఏవైనా యాంటీబయాటిక్స్ వాడారా? సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ రకం మందులు అరుదుగానైనా టెండన్లను, ముఖ్యంగా అకిలిస్‌ను దెబ్బతీస్తాయి. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటి మీద టెండన్ హెచ్చరికను తప్పనిసరి చేసింది. మన దగ్గర విరేచనాలకు, మూత్రంలో మంటకు మందుల షాపులో అడిగి కొనేసేవి కూడా ఇవే. కోర్సు నడుస్తుండగా కాళ్లు నొప్పులు మొదలైతే పరుగు ఆపి డాక్టర్‌కు చెప్పండి.

ఇక ఆలస్యం చేయకూడనివి. నొప్పి ఉన్న కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం, జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా వేడెక్కి ఉబ్బడం, మోకాలు చాపలేక మడవలేక లాక్ అవడం, ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి నొప్పి పెట్టడం, కదలకుండా పడుకున్నా నిద్ర లేపే నొప్పి. వీటిలో ఏదున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు పాదం మొద్దుబారి ఉంటే నొప్పి చిన్నగా అనిపించినా పాదం చూపించుకోవాల్సిందే.

రెండో మెట్టు: ఒక్క వేలితో చూపించండి

"మోకాలంతా నొప్పి, పాదమంతా నొప్పి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కుర్చీలో కూర్చుని, చూపుడువేలి కొసతో నొక్కుకుంటూ నొప్పి ఎక్కడ పుడుతోందో వెతకండి. ఐదు నిమిషాల పని. దీనివల్ల సగం సంగతి తేలిపోతుంది.

పాదంతో మొదలుపెడదాం. మడమ కింద నడిమధ్యకు కాస్త ముందు, లోపలి అంచున గట్టిగా నొక్కితే "అబ్బా" అనిపించి, పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగు సూదులు గుచ్చినట్టుంటే ప్లాంటార్ ఫాషియైటిస్ అనుకోవచ్చు. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలిలో సాగిన మందపాటి పొర మొదట్లో దెబ్బతినడమే అది. నాలుగడుగులు వేశాక తగ్గడం, సాయంత్రానికి మళ్లీ రావడం దాని తీరు.

మూడు, నాలుగు వేళ్ల మధ్య మంట, షూలో గులకరాయి ఇరుక్కున్నట్టు అనిపించడం, షూ విప్పగానే సుఖంగా ఉండటం నరం వాపు లక్షణాలు. మార్టన్స్ న్యూరోమా అంటారు. వేళ్ల దగ్గర వెడల్పున్న షూకు మారితే చాలామందికి తగ్గుతుంది. చీలమండ లోపలి ఎముక వెనక నొప్పి, అరికాలి వంపు క్రమంగా చదునవడం, ఒంటికాలి మీద మడమ లేపలేకపోవడం కలిసి ఉంటే అక్కడి టెండన్ బలహీనపడిందని అర్థం. దీన్ని నెలలు నాన్చకండి, వంపు కూలిపోయాక సరిచేయడం కష్టం. పాదం పైన మధ్యలో నొప్పి ఉంటే ముందు లేసులు వదులు చేసి చూడండి. నవ్వులాటలా ఉంటుంది గాని, ఎందరో ఆ ఒక్క పనితో బాగుపడ్డారు.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఎముక. పాదం పైభాగంలో రెండో, మూడో వేలికి వెనకున్న పొడవాటి ఎముక మీద వేలి కొసంత చోట నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, పైన కాస్త వాపుంటే, పరుగు సాగేకొద్దీ నొప్పి పెరుగుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (మళ్లీ మళ్లీ పడే భారంతో ఎముకలో వచ్చే సన్న పగులు) అనుమానించాలి. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసే సైనికుల్లో ఈ వాపు పాదాలను వర్ణించాడు. ఎక్స్‌రే వచ్చింది 1895లో కాబట్టి లోపల విరిగింది ఎముకేనని ఆయనకు తెలిసే దారి లేదు. మనకు ఎక్స్‌రే ఉంది గాని, మొదటి రెండు మూడు వారాల్లో అందులో ఈ పగులు కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది" అని ధీమాగా పరుగుకు వెళ్లి సన్న పగులును పెద్దది చేసుకోవడం ఇక్కడే జరుగుతుంది. అనుమానం బలంగా ఉంటే ఎమ్మారై చేయించాలి. చీలమండకు ముందు పాదం వంపు పైన నావిక్యులర్ ఎముక, చిటికెనవేలి వెనకున్న ఎముక మొదలు, ఈ రెండు చోట్లా నొప్పి అయితే ఎముకల డాక్టర్ చూసేదాకా పరుగు పూర్తిగా బంద్. ఆ రెండూ త్వరగా అతకని ఎముకలు.

మోకాలికి వద్దాం. చిప్ప చుట్టూ లేదా వెనకాల గీత గీసి చూపించలేని నొప్పి, మెట్లు దిగుతుంటే, గుంజీళ్లు తీస్తుంటే, సినిమా హాల్లో రెండున్నర గంటలు కూర్చుని లేస్తుంటే ఎక్కువవుతుంటే అది రన్నర్స్ నీ (పరుగు మోకాలు). మోకాలి బయటి పక్క ఎముక బొడిపె మీద, పరుగు మొదలైన కాసేపటికి సరిగ్గా అదే దూరంలో పట్టుకునే నొప్పి, తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన సాగే పట్టీ అయిన ఐటీ బ్యాండ్‌ది. దిగువకు పరిగెత్తితే అది విజృంభిస్తుంది. చిప్ప కింద తాడులా తగిలే చోట నొప్పి అయితే ప్యాటెల్లార్ టెండన్. లోపలి పక్క కీలు సందులో నొప్పి, మోకాలు మెలి తిరిగినప్పుడు కలుక్కుమనడం, వాపు ఉంటే మెనిస్కస్ (కీలు మధ్య మెత్తలాంటి పొర) సంగతి చూడాలి. ఇంట్లో తేలేది కాదు.

మూడో మెట్టు: ముందు వచ్చిందేది, ఏ కాలిలో?

మడమ నొప్పి మార్చిలో మొదలై, మోకాలు ఏప్రిల్లో పట్టుకుందనుకోండి. మీరు తెలియకుండానే మడమ ఆనించకుండా కుంటుతూ, పాదాన్ని బయటి అంచు మీద వేస్తూ పరిగెత్తి ఉంటారు. మోకాలు దాని ఫలితం. ఇలాంటప్పుడు మడమే యజమాని, మోకాలు పాలేరు. రెండోది మొదటిదాన్ని అనుసరించే తగ్గుతుంది.

ఎడమ పాదం, కుడి మోకాలు అయితే ఈ కథ ఇంకా స్పష్టం. నొప్పి లేని కాలి మీద బరువు ఎక్కువ వేసి దాన్నీ పాడు చేసుకున్నారు. ఒకే కాలిలో రెండూ ఉంటే తుంటి దాకా చూడాలి. దానికో చిన్న పరీక్ష ఉంది. మెట్టు మీద నిలువుటద్దం ఎదురుగా నొప్పి ఉన్న కాలి మీద నిలబడి, రెండో మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా వంగండి. చిప్ప రెండో వేలి దిశలో ఉండాలి. అది బొటనవేలిని దాటి లోపలికి వాలుతూ, అరికాలి వంపు నేలకు అతుక్కుపోతూ, రెండో వైపు నడుం జారిపోతుంటే, పైన పిరుదు కండరం పట్టు తప్పడం వల్ల కింద రెండు చోట్లా భారం పెరిగిందని అనుకోవచ్చు. ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. అద్దంలో చూసుకుంటూ అందరూ సరిగ్గానే చేస్తారు!

రెండు కాళ్లలోనూ రెండు చోట్లా ఉంటే, మొదటి మెట్టులోని జబ్బులేవీ కావని తేలాక, దోషం దాదాపుగా శిక్షణదే. గత ఆరు వారాలు ఒక కాగితం మీద రాయండి. కిలోమీటర్లు మాత్రమే కాదు. కొత్త షూ, ఫ్లైఓవర్ మళ్లీ మళ్లీ ఎక్కి దిగే కొత్త సాధన, ట్రెడ్‌మిల్ నుంచి రోడ్డుకు మారడం, నిద్ర తగ్గిన వారాలు, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్త కాళ్లతో ఎక్కిన రోజు, పెళ్లిలో రెండు రోజులు నిలబడటం, అన్నీ. ఆగస్టు హైదరాబాద్ మారథాన్ కోసం జూన్‌లో హడావిడిగా దూరం పెంచేవాళ్లలో ఈ జంట నొప్పులు బాగా కనిపిస్తాయి. ఊరే ఎత్తుపల్లాలు. ఫ్లైఓవర్ ఎక్కుతూ పాదాన్ని, దిగుతూ మోకాలిని, ఒకే పూట రెండిటినీ అరగదీస్తాం. వారం మొత్తం దూరం కంటే ఒక్క రోజు చేసిన అత్యాశే ఎక్కువసార్లు దెబ్బ కొడుతుంది. నెల రోజుల్లో మీరు పరిగెత్తిన అతి పొడవైన పరుగును ఏ ఒక్క రోజూ పది శాతానికి మించి దాటకపోవడం మంచి కట్టుబాటు.

ఆడవాళ్లకు నెలసరి మూడు నెలలుగా ఆగిపోతే, మగవాళ్లైనా ఆడవాళ్లైనా బరువు తగ్గాలని తిండి బాగా కుదించేస్తే, ఎముకలు పరుగు భారాన్ని తట్టుకోలేవు. దాన్ని ఏ షూ సరిచేయదు.

నాలుగో మెట్టు: మొదటి రెండు మూడు వారాలు

పూర్తిగా మంచం ఎక్కక్కర్లేదు. ఎముక పగులు అనుమానం లేకపోతే నొప్పికి పదికి మార్కులు వేసుకుంటూ పని చేసుకోవచ్చు. రెండు లోపు ఉంటే ఫర్వాలేదు. మూడు నుంచి ఐదు మధ్య ఉంటే ఓర్చుకోవచ్చు గాని మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోవాలి. ఐదు దాటితే, లేదా కుంటి నడక వస్తే ఆ రోజు పని ముగిసినట్టే. పాదానికి, మోకాలికి వేర్వేరు మార్కులు వేయండి, ఎక్కువ వచ్చినదాని మాటే వినండి. మోకాలు రెండు, మడమ ఆరు ఉంటే సగటు నాలుగు అని లెక్క కట్టుకునే ఇంజినీర్లు మనలో తక్కువేం లేరు.

మామూలు దూరాన్ని సగానికి తగ్గించండి. వేగం, ఎత్తుపల్లాలు పూర్తిగా తీసేయండి. వరసగా రెండు రోజులు పరిగెత్తొద్దు. చదునైన చోటు చూసుకోండి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు పనికొస్తుంది, జూబ్లీహిల్స్ పనికిరాదు. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటాయి. రోజూ ఒకే వైపు అంచున పరిగెత్తితే ఒక పాదం ఎప్పుడూ పల్లంలో, ఒక మోకాలు ఎప్పుడూ ఒరిగి ఉంటాయి. స్కూల్ గ్రౌండ్ దొరికితే అంతకంటే మేలు లేదు, అక్కడా రోజు విడిచి రోజు దిశ మార్చండి. సగం దూరం కూడా ఐదు దాటిస్తుంటే పరుగు ఆపి ఈత, సైకిల్ పట్టండి. సైకిల్ సీటు తక్కువగా ఉంటే మోకాలి చిప్ప నలుగుతుంది. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా ఎత్తు పెట్టుకోండి. మడమ నొప్పి ఉంటే పెడల్‌ను పాదం మధ్యతో తొక్కండి.

పరుగులో మిగిల్చిన భారాన్ని ఇంట్లో ఖర్చు చేస్తే లాభం లేదు. గ్రానైట్, మార్బుల్ నేల మీద ఉత్త కాళ్లతో గంటల తరబడి తిరగడం మడమకు శత్రువు. లోపలికి వేరే మెత్తటి చెప్పులు పెట్టుకోండి, వంటగదిలో మరీ ముఖ్యం. పూజ గది దాకా అవసరం లేదు గాని, అంట్లు తోమేటప్పుడు మాత్రం వదలొద్దు. బాసింపట్టు వేసి కూర్చోవడం, వజ్రాసనం, గొంతుకూర్చోవడం ఈ మూడు వారాలు మానండి. మోకాలి చిప్పకు అవి బాగా ఒత్తిడి.

పొద్దున మంచం దిగకముందే నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని, వేళ్లను చేత్తో మీ వైపు లాగి పట్టండి. అరికాలి పొర తాడులా బిగుసుకోవడం రెండో చేతి బొటనవేలికి తెలుస్తుంది. పది సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు. మొదటి అడుగు పోటు బాగా తగ్గుతుంది. సాయంత్రం ఫ్రీజర్లో పెట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించవచ్చు. కాపడమా, ఐసా అని తర్జనభర్జన వద్దు. రెండూ నొప్పిని కాసేపు మరిపించేవే, నయం చేసేవి కావు. ఉబ్బిన మోకాలికి మాత్రం కాపడం పెట్టకండి.

ఐదో మెట్టు: బలం

నిజంగా నయం చేసేది ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, అరగంట చాలు.

పాదానికి మడమ ఎత్తే వ్యాయామం. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టండి, వేళ్లు పైకి వంగి అరికాలి పొర బిగియాలి. గోడనో రెయిలింగ్‌నో పట్టుకుని నొప్పి ఉన్న కాలి మీద మూడు సెకన్లలో పైకి లేచి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో కిందికి దిగండి. 12 చొప్పున మూడు విడతలు. రెండు వారాల తర్వాత వీపున పుస్తకాల బ్యాగు తగిలించుకుని 10 చొప్పున నాలుగు, ఆ తర్వాత ఇంకాస్త బరువుతో 8 చొప్పున ఐదు. 2014లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో మూడు నెలల దగ్గర ఇది అరికాలు సాగదీయడం కంటే మెరుగ్గా పనిచేసింది. ఏడాది తిరిగేసరికి రెండు పద్ధతుల మధ్య తేడా పోయింది. కాబట్టి ఇది మాయ కాదు, త్వరగా కోలుకునే దారి. ఒంటికాలితో కష్టమైతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. ఈ కదలికలో మోకాలు వంగదు కాబట్టి దానికి నొప్పి తెలియదు. జంట నొప్పుల వాళ్లకు దీంతోనే మొదలుపెట్టమని చెప్పడానికి అదే కారణం.

మోకాలికి బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ. అప్పట్లోలా తొడలు నేలకు సమాంతరంగా వద్దు, అంతకంటే పైనే ఆగండి. 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. పాదం నేలమీద స్థిరంగా ఉంటుంది కాబట్టి అరికాలికి ఇబ్బంది ఉండదు. రెండు వారాలు సజావుగా సాగితే పైన చెప్పిన మెట్టు దిగే పరీక్షనే వ్యాయామంగా చేయండి, తక్కువ ఎత్తు మెట్టుతో, 8 చొప్పున మూడు విడతలు.

తుంటికి రెండు చాలు. పక్కకు పడుకుని పై కాలును కాస్త వెనక్కి పెట్టి ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం లేపడం. చిప్ప నొప్పికి మోకాలి వ్యాయామాలు ఒక్కటే చేయడం కంటే తుంటివి కలిపి చేస్తేనే మంచి ఫలితం. కాలు ఎత్తేటప్పుడు ఒళ్లు వెనక్కి దొర్లితే పని పిరుదుది కాకుండా తొడ ముందు భాగానిది అయిపోతుంది. గోడకు వీపు ఆనించి చేస్తే ఆ దొంగతనం కుదరదు.

ఆరు వారాలకు తేడా తెలియాలి. మడమ నొప్పి పూర్తిగా పోవడానికి నెలలు పట్టడం మామూలే, అందుకు టెన్షన్ పడొద్దు.

ఆరో మెట్టు: షూ, అడుగు

నొప్పి మధ్యలో షూ రకం పూర్తిగా మార్చడం జూదం. పాతవి 500 నుంచి 800 కిలోమీటర్లు దాటి, సోల్ ఒక పక్కకు ఒరిగి ఉంటే అదే రకం కొత్తవి కొనండి. చదునైనవి, ఉత్త కాళ్ల పరుగు, లోపల ప్లేటు ఉన్న రేసు షూ, ఏవీ ఇప్పుడు వద్దు. కొనేది సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ నొప్పికి మెడికల్ షాపులో దొరికే మెత్తటి సిలికాన్ మడమ ప్యాడ్ కొన్ని వారాలు వాడుకోవచ్చు, రెండు కాళ్లకూ పెట్టండి. పాదం కొలతకు చేయించే వేల రూపాయల కస్టమ్ సోల్స్ ముందే కొనేయకండి. చాలామందికి రెడీమేడ్ సోల్ దాదాపు అంతే పని చేస్తుంది.

పరుగు తీరులో నేను ధైర్యంగా చెప్పగలిగే మార్పు ఒక్కటే: నిమిషానికి అడుగుల సంఖ్యను ఐదు శాతం పెంచడం. నిమిషానికి 160 వేస్తుంటే 168. వేగం పెంచకుండా, అంగ చిన్నది చేయాలి. 2011లో విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధన చూపినట్టు ఇంత చిన్న మార్పుతోనే మోకాలి మీద పని తగ్గుతుంది. పాదం ఆనే తీరు పెద్దగా మారదు కాబట్టి భారమంతా అరికాలికి బదిలీ అవదు. ఫోన్‌లో తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని ఒక్కోసారి రెండు నిమిషాల చొప్పున సాధన చేయండి. అందరూ 180 వేయాలన్న మాట పట్టించుకోకండి.

ఏడో మెట్టు: మళ్లీ పరుగులోకి

మూడు పనులు చేసి చూడండి. అరగంట చురుగ్గా నడవడం, నొప్పి ఉన్న కాలి మీద 20 సార్లు మడమ ఎత్తడం, అదే కాలి మీద పది గెంతులు. మూడింటిలోనూ రెండు చోట్లా నొప్పి రెండు దాటకపోతే మొదలుపెట్టవచ్చు. గెంతేటప్పుడు పాదం ఎముక మీద గుచ్చినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరకు.

మొదటి వారం నిమిషం పరుగు, నిమిషం నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. తర్వాత పరుగు ముక్కలను రెండు, మూడు, ఐదు నిమిషాలు చేస్తూ వెళ్లండి. ముందు సమయం, ఆ తర్వాత వేగం, చివర వాలు. మోకాలు ఇంకా గొణుగుతుంటే దిగువ పరుగులను, మడమ గొణుగుతుంటే ఎగువ పరుగులను, స్ప్రింట్లను ఆఖరికి వాయిదా వేయండి. తీర్పు పరుగప్పుడు కాదు, మర్నాడు మంచం దిగే మొదటి అడుగులో, మొదటి మెట్ల వరసలో తెలుస్తుంది.

ఈలోగా ఇంట్లో "మోకాళ్లు అరిగిపోతాయిరా, మానెయ్" అనేవాళ్లు ఉంటారు. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందిలో, పరిగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందిలో కనిపించింది. పోటీ స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం, అది వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: ఎవరికి చూపించాలి, రేసు సంగతేంటి

మూడు వారాలు నిజాయితీగా చేసినా ఏమీ కదలకపోతే ముందు క్రీడాకారులను చూసే ఫిజియోథెరపిస్టును కలవండి. మిమ్మల్ని నడిపించి, పరిగెత్తించి, ఒంటికాలి మీద నిలబెట్టి చూసేవారైతే మంచిది. చూడకుండానే మెషీన్ పెట్టి పది సిట్టింగుల ప్యాకేజీ చెప్పేవారైతే వేరొకరిని వెతకండి. స్కానింగ్ రిపోర్టు చూసి హడలిపోవద్దు. మోకాలి ఎమ్మారై తీస్తే ఏ నొప్పీ లేనివాళ్లలోనూ చిన్న చిరుగులు, అరుగుదలలు కనబడతాయి. మడమ ఎముక పెరిగిందని ఎక్స్‌రేలో రావడమూ అంతే. మడమకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గాని, అరికాలి పొర తెగే ప్రమాదం ఉంది. పరుగు కొనసాగించడం కోసం మాత్రం దాన్ని అడగొద్దు.

రేసు మూడు వారాల్లో ఉండి, నిమిషం పరుగు నిమిషం నడక దశలోనే ఉంటే పూర్తి దూరం మరిచిపోండి. నొప్పి మాత్ర వేసుకుని నెట్టుకొస్తానంటే అది రెండు విధాలా నష్టం. ఆపాలని చెప్పే నొప్పి వినబడదు, పైగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలను దెబ్బతీయగలవు. ఎంట్రీ ఫీజు పోతుందన్నది బాధే. కొన్ని రేసుల్లో ఫుల్ నుంచి హాఫ్‌కు, హాఫ్ నుంచి పది కిలోమీటర్లకు మార్చుకునే వీలుంటుంది, గడువు మాత్రం బిబ్ (రేసు నంబరు కాగితం) పంపిణీకి చాలా ముందే అయిపోతుంది. ఈ రోజే నిర్వాహకులకు మెయిల్ పెట్టి అడగండి.